మిర్చి గోడౌన్‌లో నా ముసలి హమాలీ వేషం

ముందే ఒప్పుకుంటున్నాను, నా నోట్లో పడితే పిల్లి కూడా పులై బయటికొస్తుంది. మీరు సగమే నమ్మండి. ఆ రోజుల్లో శంషాబాద్‌కు విమానాశ్రయం కొత్త, నాకు మీసం కొత్త, నటుణ్ణవుతానన్న భ్రమ మాత్రం చాలా పాతది. ఆరాంఘర్ నుంచి వచ్చే రోడ్డు పక్కన మూతపడ్డ ఒక మిర్చి గోడౌన్‌ను మా డైరెక్టరమ్మ (రాజమండ్రి వైపు మనిషి, తిట్టినా 'అండీ' తగిలించే తిట్టేవారు) నాటకశాలగా మార్చే పనిలో పడ్డారు. లారీలు వెనక్కొచ్చి ఆనుకునే ఎత్తు అరుగే మా వేదిక. సున్నం ఎన్నిసార్లు వేసినా గోడలు ఘాటు వదల్లేదు, మేం నవ్వించే సీను చేసినా చూసేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. పైన నిమిషానికి ఏడు విమానాలు. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా డైలాగు ఆపి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలబడాలని ఆవిడ ఆజ్ఞ. అలా నిలబడి ఉండగా నాకొకసారి గడ్డం పెరిగింది.

గోడౌన్ యజమాని సేటు మొదటి ప్రదర్శన చూశాకే మాట ఇస్తానన్నాడు. నచ్చితే నాటకాలకు, నచ్చకపోతే విమానమెక్కేవాళ్ల కార్లు నిలుపుకోవడానికి. మా ఆశంతా ఆ ఒక్క సాయంత్రం మీదే. నాటకం హమాలీల గురించి, నాది ముసలి హమాలీ వేషం, బస్తా నిండా దూది. ముందు వరుసలో సేటు. వెనక వరుసలో హమాలీల మేస్త్రి చాచా. ఏళ్ల తరబడి ఆ అరుగు మీదే బస్తాలు మోసి, గోడౌన్ మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న మనిషి. నేను మూలుగుతూ బస్తా ఎత్తాను (ఆ మూలుగు రాజేంద్రనగర్ దాకా వినిపించిందట). ఎవరో నవ్వారు. ఇంకా గట్టిగా మూలిగాను, హాలంతా నవ్వింది. సేటు వాచీ చూసుకున్నాడు. అప్పుడు చాచా లేచి, మెట్లు వెతుక్కోకుండా అరుగెక్కేశాడు.

"బేటా, గట్ల లేస్తదా బస్తా? చేతులతోని కాదు, ముందుగాల ఊపిరి పట్టాలె. జర జరుగు."

జరిగాను. ఆయన మెడ మీద తువ్వాలు సర్దుకుని, నడుం వంచి, ఆ దూది బస్తాను వీపు మీదికి తీసుకున్నాడు. మోకాళ్లు వణికాయి, మెడ నరాలు ఉబ్బాయి. పైనుంచి విమానం పోతున్నా ఆగకుండా నడిచి, ఒకప్పుడు బస్తాల వరుసలుండే చోట దాన్ని దించి, ఖాళీ గోడను అరచేత్తో తట్టాడు. "ఇగ అయిపోయింది," అన్నాడు, ఎవరితోనో తెలియదు. ఎవరూ నవ్వలేదు. సేటు లేచి, కార్లు ఇంకెక్కడన్నా పెట్టుకుంటరు తియ్ అన్నాడు. నేను చాచా చేతులు పట్టుకుని, ఉస్తాద్, ఈ వేషం మీదే అన్నాను.

విమానాలు గంటకు నాలుగైదే. గడ్డం సంగతి మీకు ముందే తెలుసు. అవన్నీ పెంచినవి. అచ్చంగా కల్పించింది మాత్రం నేను చాచాతో అన్న ఆ మాట ఒక్కటే. ఆ సాయంత్రం ఆయనతో నేనసలు మాట్లాడలేదు. నా సీను లాగేసుకున్నాడని మొహం మాడ్చుకుని, పూసిన రంగైనా కడుక్కోకుండా మైలార్‌దేవ్‌పల్లి బస్సెక్కేశాను. ఇప్పుడు వాణ్ణి, ఆ ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి, తలుచుకుంటే కోపం రాదు, నవ్వే వస్తుంది. అయినా ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ మాట వాడి చేతే అనిపిస్తాను.