ఏడ్చేవాళ్లు లేని ఆట

ఫిల్మ్ నగర్ నుంచి ఎర్రగడ్డ వెళ్లే బస్సులో ల్యాప్‌టాప్ తెరిచాను. మేం తయారుచేసిన రాక్షసుల వీడియో గేమ్‌పై ఒక తల్లిదండ్రుల సంఘం పదకొండు అభ్యంతరాలు పంపింది. పంపినవాళ్లలో ఒక్కరూ ఆడి చూడలేదు. అయినా అవి సరిచేస్తేనే విడుదల. విసుగ్గా నెత్తురు నీలం చేశాను, పుర్రెలు తీసేశాను.

పక్క సీటామె తొంగిచూసింది. "గంతమంది సచ్చిండ్రు, ఒక్కలన్న ఏడుస్తలేరేంది బిడ్డా?"

"మీరూ మొదలుపెట్టారా? ఇది ఉత్త ఆటేనండీ."

"నేను సినిమాల్ల శవాల కాడ ఏడ్సే వేషాలేస్త. పాడె మీద గడ్డిబొమ్మున్నా మమ్మల్ని పిలుస్తరు," అని ఆమె మోతీనగర్‌లో దిగిపోయింది.

పదకొండు అభ్యంతరాల ఎదుటా 'పూర్తయింది' అని రాశాను, గేమ్ విడుదలైంది. పన్నెండోదిగా ఆమె ప్రశ్న రాసుకున్నాను. దాని ఎదుట గడి ఇంకా ఖాళీగానే ఉంది.