ఆరకుండా మడిచిన కార్డు

బొబ్బిలి వీణల పనివాళ్లు వదిలేసిన పనస చెక్కముక్కల మీద పువ్వులు చెక్కి, ఆ ముద్రలతో మా మరదలు గ్రీటింగు కార్డులు చేసేది. నీటిరంగు అద్దాక, అది ఆరేదాకా కొంగుతో విసురుతూ కూర్చునేది. వెయ్యి కార్డులకు రంగులు నేనే వేశానని ఊళ్లో కోతలు కోశాను. నిజానికి చేసింది ఒక్కటే. ఆమె ఆపరేషన్‌కు విశాఖ వెళ్తున్న రోజున, ఆమెకే ఇచ్చాను.

"ఆరకుండా మడిసీసినావేటి బావా? అతుక్కుపోనాది. ఇప్పితే సినిగిపోతాది. లోపలేటి రాసినావో సెప్పు."

"నువ్వే సదువుకో" అని బింకం పోయాను.

"సరే, తిరిగొచ్చాక ఆవిరి సూపించి ఇప్పుతాన్లే."

ఆమె తిరిగి రాలేదు. లోపల పద్యం రాశానని అందరికీ చెబుతుంటాను. అదీ అబద్ధమే. "నువ్వు నేకపోతే నాకేటీ తోసదే, బేగి వచ్చీ" అని రాశాను.