పెరాక్సైడ్ అంకె తగ్గినప్పుడు

తవుడు ఆగదు. వడ్లు మరపట్టిన గంట నుంచే దానిలోని నూనె చెడడం మొదలవుతుంది. మిర్యాలగూడలో తవుడు నుంచి నూనె తీసే కర్మాగారపు ప్రయోగశాలలో ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పని, ఆ చెడు ఎంత దూరం పాకిందో కొలవడమే.

ఆ తవుడును మా అన్న లారీలో తెచ్చేవాడు. సూర్యాపేట మిల్లుల్లోనో కోదాడ మిల్లుల్లోనో బస్తాలు ఎత్తించుకుని, గరిడేపల్లిలో తన ఇంటి ముందు ఆగి చాయ్ తాగి, పొద్దుగూకక ముందే మా గేటు దగ్గరికి చేరేవాడు. ఒక బస్తా మూతి విప్పి, పిడికెడు తవుడు తీసి వాసన చూసేవాడు.

"ఇది నిన్న పొద్దుగాలది తమ్మీ. మిల్లోడు ఇయ్యాల్టిదని అబద్ధమాడిండు."

నేను నమూనా తీసుకుని ఆమ్ల శాతం కట్టి చూస్తే అతని మాటే నిజమయ్యేది. "నీ గాజు గొట్టాలు గంటసేపు చేసే పని నా ముక్కు గడియల చేస్తది. కుర్చీ మాత్రం నీకేసిండ్రు" అని నవ్వేవాడు.

ఒక వేసవిలో అన్న పూర్తిగా ముక్కిపోయిన తవుడు తెచ్చి, వాసన చూసి, తాజాదన్నాడు. బస్తా విప్పగానే నాకు గొంతులో గరగర పుట్టింది. అతనికి ఏమీ తెలియలేదు. జలుబు చేసి ఉంటుందని నవ్వుకున్నాం. అన్నకు అప్పటికే మొదలైన జబ్బులో మతిమరుపు కంటే చాలా ముందే వాసన పోవచ్చని నేను తరువాత చదివాను. మరుసటి ఏడు అతడు మా దగ్గర సరుకు దించి తిరిగి వెళుతూ, గరిడేపల్లిలో తన ఇంటిని దాటి నేరుగా హుజూర్‌నగర్ వెళ్లి, లారీని రోడ్డు పక్కన ఆపి, ఎవరో వచ్చి దారి చెప్పేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. సూర్యాపేటలోని నరాల డాక్టరు అల్జీమర్స్ అని తేల్చాడు.

"పోయినదాన్ని తేలేం" అన్నాడు డాక్టరు. "ఉన్నదాన్ని కొన్నాళ్లు నిలబెట్టుకోవచ్చు, అదృష్టముంటే. ఈ గోలీ రోజూ పడాలె. మొదట్ల కడుపుల తిప్పుతది, భయపడొద్దు. ఎక్కువైతే నాకు చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు."

అప్పటికి ఉన్నది తక్కువేమీ కాదు. అన్న నన్ను తమ్మీ అని పిలుస్తున్నాడు. మిర్యాలగూడ, నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్, కోదాడ అని దారిని వరుస తప్పకుండా చెబుతున్నాడు. నేను కాపాడుకోవాలనుకున్నది ఆ రెంటినే.

వదినకు జబ్బు వివరించే బాధ్యత నేనే తీసుకున్నాను. మెదడులో కొవ్వు పదార్థం ఎక్కువని, అది ఆక్సిజన్‌ను విపరీతంగా వాడుకుంటుందని, ఆ వాడకంలో పుట్టే అస్థిరమైన అణువులను శరీరం ఎప్పటికప్పుడు అణచలేకపోతే అవి కణాలను దెబ్బతీస్తాయని చెప్పాను. ఆమెకు అర్థం కాలేదనిపించి, మాకందరికీ తెలిసిన పోలిక తెచ్చాను: "తవుడు నూనె ముక్కిపోతది సూడు, గట్లనే అనుకో వదినె." ఆమె తల ఊపింది. పోలిక బాగా కుదిరిందని నేను సంతోషించాను.

నెల తిరగకుండానే ఆమె గుళికల సీసా ఒకటి నా ముందు పెట్టింది. "కోదాడల మా తమ్ముడు తన దుకాణంలకెల్లి ఇచ్చిండు. గీ ముక్కిపోవుడే ఆపుతదంట. సదువుకున్నోడివి, జర సూసి చెప్పు."

నేను చూశాను, చూడవలసిన దానికంటే ఎక్కువ శ్రద్ధగా చూశాను. ఒకే డబ్బాలోని శుద్ధి చేసిన నూనెను రెండు బీకర్లలో సమంగా పోసి, ఒకదానిలో గుళికలోని పదార్థం కలిపి, రెండింటినీ అరవై డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. రోజూ ఒకే వేళకు నమూనా తీసి, నూనె ఎంత ముక్కిందో చెప్పే పెరాక్సైడ్ విలువ కట్టాను. పిండి ద్రావణపు నీలం రంగు విరిగే చుక్క దగ్గర ఆపి అంకె రాసుకోవడం నా చేతికి శ్వాస వంటిది. ఎనిమిదో రోజుకు ఉత్త నూనె గీత నిలువుగా లేచింది. గుళిక కలిపిన నూనె గీత దాదాపు నేల మీదే ఉంది. గ్రాఫు గీసి, పైన "తవుడు నూనెలో, 60 డిగ్రీల వద్ద" అని శీర్షిక పెట్టి, కింద సంతకం చేశాను.

"పని చేస్తదా?" అని వదిన అడిగింది.

"చేస్తది వదినె. గింత మంచిగ చేస్తదనుకోలే."

శీర్షికలో ఉన్న మాట నా నోట రాలేదు. డాక్టరు గోలీలకు తోడుగా దీన్నీ వేస్తారని అనుకున్నాను; ఆ మాటా పైకి అనలేదు. ఆమె తన తమ్ముడికి చూపిస్తానంటే ఆ పేజీని ఫోటో తీసుకోనిచ్చాను.

తరువాతి ఆరు నెలల్లో అన్న నెమ్మదించాడు. అంతకుముందు రోజుకు పదిసార్లు "నా బండి తాళం ఏది?" అని ఇల్లంతా వెతికి వదిన మీద కేకలేసేవాడు. మెల్లగా అది ఐదుసార్లయింది, రెండయింది, ఆగింది. ప్రతి ఆదివారం వెళ్లి నేను వదినను ఆ లెక్క అడిగేవాణ్ని, రాసుకునేవాణ్ని. "సూసినవా, ఎంత నిమ్మలమైండో" అనేది వదిన. గీత కిందికి దిగుతోందని నేను మురిసిపోయాను.

సూర్యాపేటలో మళ్లీ చూపించినప్పుడు డాక్టరు అన్న చేతికి కలమిచ్చి గడియారం బొమ్మ వేయమన్నాడు. అన్న ఒక గుండ్రం గీసి, దానిని కాసేపు చూసి, కలం కింద పెట్టేశాడు.

"గోలీలు సరిగ్గ వేస్తున్నరా?"

"ఒక్క రోజు తప్పలేదు సార్" అన్నాను నేను. వదిన తన కొంగు అంచును చూసుకుంటోంది.

అన్నను బయట బెంచీ మీద కూర్చోబెట్టాక అడిగాను. "ఎప్పటి సంది బందు వెట్టినవ్?"

"నువ్వు కాయితం రాసిచ్చిన కాడి నుంచి."

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? ఆ గోలీ ఏస్తే పొద్దంత వాంతులు, విరేచనాలు. గుడ్డలు పిండింది నేను. నువ్వు ఐతారం ఐతారం వచ్చి, తాళం ఎన్నిసార్లడిగిండు అని రాసుకొని పోతవు. పని చేస్తదని నువ్వే అంటివి. ఇగ అదెందుకు పాపం అని ఆపిన."

"నేను నూనె సంగతి చెప్పిన వదినె!"

"మెదడు గూడ నూనె లెక్కనే అన్నదెవరు?"

ఆమె నాకు తెలియకుండా దాచింది. ఆ దాపరికాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. అయితే తిరుగు బస్సులో నన్ను కలవరపెట్టింది అది కాదు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటి రోజే ఒక సంగతి చెబుతాను. నూనె చెడే కొద్దీ పెరాక్సైడ్ అంకె పెరుగుతుంది, ఒక దశ దాటాక తగ్గుతుంది. తగ్గితే నూనె బాగుపడిందని కాదు. పెరాక్సైడ్లే విరిగిపోయి ఇంకో రకపు విషంగా మారాయని. కాబట్టి అంకె చూసి సంబరపడకండి, వాసన చూడండి అంటాను. అన్న తాళం అడగడం మానేసింది తనకొక బండి ఉండేదన్న సంగతే మరచిపోయినందువల్ల. తగ్గిన అంకెను ఆరు నెలలు రాసుకుని ఆనందించినవాణ్ని నేనే.

ఆ వారం కోదాడ వెళ్లాను. వదిన తమ్ముడి దుకాణంలో, సీసాల వరుస పైన, నా పేజీ అద్దాల ఫ్రేములో ఉంది. గ్రాఫు ఉంది, సంతకం ఉంది. శీర్షిక లేదు.

"పై వరుస ఏమైంది?"

"ఫ్రేములో పట్టలేదండీ బావగారూ" అన్నాడతను, కుర్చీ లాగి వేస్తూ. "మీ అంకె ఒక్కటైనా మార్చానేమో చూసుకోండి. మీరు రాసింది అబద్ధమంటారా?"

అబద్ధం కాదు. ప్రతి బిందువూ నిజమే. సిద్ధాంతమూ అబద్ధం కాదు. ఆక్సీకరణ ఆ జబ్బులో ఉంది. గాజు పాత్రలో ఆగిన దాన్ని బతికున్న మనిషి తలలో ఆపగలమని మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా చూపలేకపోయారు. పైగా, ముక్కిపోయిన నూనెలో ఎంత మందు కలిపినా అది తాజా నూనె కాదన్నది నేను రోజూ చూసే సంగతి.

మేళ్లచెరువు నుంచి వచ్చిన ఒకామె సీసా పట్టుకుని నిలబడి, నా వంక చూసింది. "సారేనా ఇది రాసింది?"

"నేనేనమ్మా. ఇది మనుషులకిచ్చి చూసింది కాదు, నూనెల కలిపి చూసింది."

ఆమె ఫ్రేమును, నన్ను మార్చి మార్చి చూసింది. "అంత పెద్ద సారే సూసిండంటే మంచిదే ఉంటది" అని సీసా సంచిలో వేసుకుంది. నేను ఫ్రేము దించి చంకలో పెట్టుకుని వచ్చేశాను. అతని ఫోనులో ఆ బొమ్మ ఇంకా ఉందన్న సంగతి బస్టాండు దాకా వచ్చాక గుర్తొచ్చింది.

డాక్టరు గోలీని చిన్న మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి వాంతులు పెద్దగా లేవు. తిరిగి వచ్చింది కూడా ఏమీ లేదు. దారి చెప్పమంటే అన్న మిర్యాలగూడ దగ్గరే ఆగిపోతున్నాడు.

పోయిన ఆదివారం కాగితంలో పిడికెడు తవుడు పొట్లం కట్టుకుని గరిడేపల్లి వెళ్లాను. అన్న అరచేతిలో పోసి, "ఎప్పటిదే అన్నా ఇది?" అని అడిగాను. అతడు దాన్ని వేళ్లతో నలిపాడు. ముక్కు దగ్గరికి తీసుకుపోలేదు. తల తిప్పి వదిన వైపు చూశాడు. ఆమె పెదవులు మాత్రం కదిలించి జవాబు అందించింది. నాకు కనబడదనుకుంది.

"ఇయ్యాల్టిది" అన్నాడు అన్న.

నేను కావాలనే ఐదు రోజుల నాటి తవుడు తీసుకెళ్లాను. సరిగ్గా చెప్పినవన్నట్టు తలూపి, పొట్లం మళ్లీ కట్టుకున్నాను.