ఎర్రయ్య గారు వద్దన్న తూటాలు

మొన్న వార్షిక ఫైరింగ్ పరీక్షలో నా పక్కన కాలుస్తున్న అమ్మాయి పిస్టల్ నుంచి ఎగిరిన ఇత్తడి గొట్టం ఒకటి సరిగ్గా నా చొక్కా కాలర్‌లో పడింది. అప్పుడే పేలిన తూటా గొట్టం ఎంత వేడిగా ఉంటుందో అది ఒంటికి తగిలినవాళ్లకే తెలుసు. మెడ కింద చుర్రుమంది. నేను గెంతిన గెంతుకి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మంటా, కాలిన మందు వాసనా ఒక్కసారే తగిలేసరికి నా నవ్వు సగంలో ఆగిపోయింది. వెళ్లి షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను. ఎవరో మంచినీళ్లు తెచ్చిచ్చారు. గ్లాసు పట్టుకున్నానే గాని తాగలేదు. పదేళ్లు దాటినా ఎర్రయ్య గారు నాకు ఇలాగే, చెప్పాపెట్టకుండా గుర్తొస్తారు.

మీలో ఆయన్ని చూసినవాళ్లు ఉండరు. ఆయన హెడ్ కానిస్టేబులు, ఆర్మరర్. పోలీసు తుపాకులు దాచే గది తాళాలు ఆయన దగ్గరుండేవి, వాటికి జబ్బు చేస్తే వైద్యమూ ఆయనదే. భావనపాడులో సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టాడు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. రెండువేల పది దాటిన తొలి సంవత్సరాల్లో, విజయనగరం వైపు ఒక వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన నేను, కొత్త సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పిస్టల్ తీసుకోవడానికి శ్రీకాకుళంలో ఆయన గదికి వెళ్లాను. సెల్యూట్ కొట్టి, నా పేరు అడక్కుండానే, "మేడమ్, ఒకసారి సెయ్యి సూపండి" అన్నాడు. నా అరచెయ్యిని అడ్డంగా, నిలువుగా చూసి, నాలుగు పిస్టళ్లలోంచి ఒకటి ఏరి ఇచ్చాడు. పాతదే. నా చేతిలో అది చక్కగా కూర్చుంది. తర్వాత బల్లమీదున్న అద్దం పలక మీద తూటాల్ని ఒక్కొక్కటే దొర్లించాడు. ఒకటి కొంచెం వంకరగా దొర్లింది. వెంటనే ఆ పెట్టె మొత్తం పక్కకి నెట్టేశాడు. "ఒక్కదానికోసం పెట్టెంతా ఎందుకండీ?" అన్నాను నవ్వుతూ.

"మా యమ్మ సేపల బుట్టలో ఒకటి మెత్తబడితే బుట్టంతా కింద పోసి మళ్లీ ఒక్కొక్కటే సూసేదండి. కొన్నోలు ఇంటికెల్లి తింటారు కదా."

ఆ రోజు నేను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. వీటిలో బాగా బలమైన తూటా ఏది అని. కొత్తగా తుపాకీ పట్టుకున్న ప్రతివాళ్లూ అదే అడుగుతారట. ఆయన రెండు తూటాలు పక్కపక్కన నిలబెట్టాడు. కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకే లావు, ఒకే పొడవు. ఒకటి పిస్టల్‌కి చేసింది, రెండోది కార్బైన్‌కి చేసింది. కార్బైన్ అంటే రెండు చేతుల్తో పట్టుకునే పొట్టి తుపాకీ. దాని తూటాలో మందు ఎక్కువ దట్టించి ఉంటుంది, దాన్ని తట్టుకునేలా ఆ తుపాకీ ఉక్కు కూడా దళసరిగా ఉంటుంది. "పిస్టల్లో రెండూ దూరతాయండి. దూరింది గదాని సరిపోయినట్టు కాదు" అన్నాడు. నేను తలూపాను. విన్నానని అనుకున్నాను.

మరుసటి ఎండాకాలం నా పోస్టింగు ఉద్దానం వైపు పడింది. జీడిపిక్కలు రాలే రోజులు. ఒక ఉదయం తోటలో పిక్కలు ఏరుతున్న రాజులమ్మ అనే ఆవిడ మీద ఎలుగుబంటి పడింది. నేను వేరే పనిమీద ఆ దారినే జీపులో వెళ్తున్నాను. కేకలు విని పరుగెత్తాను. ఇరవై అడుగుల దూరంలో, నల్లటి బొచ్చు కింద ఆవిడ ఎర్ర చీర కొంగు కనిపించింది. ఎలుగు చేస్తున్న చప్పుడు నేను రాయలేను. పిస్టల్ తీశాను. ఆవిడకి తగులుతుందేమోనన్న భయం, అది నా మీదకి తిరుగుతుందేమోనన్న భయం, రెండూ కలిసి నా చేతులు వణికాయి. మూడుసార్లు కాల్చాను. ఆ శబ్దానికి ఎలుగు లేచి, నావైపు ఒకసారి చూసి, పొదల్లోంచి కొండవైపు పోయింది. ఎలుగు ఉన్నచోటికి అవతల జీడిచెట్టు వెనకనుంచి రాజులమ్మ భర్త నీలయ్య బయటికొచ్చాడు.  ఇద్దరం కలిసి ఆవిడని జీపులోకి ఎక్కించాం. మొహం ఒకవైపు లేదు. సాయంత్రానికి ఆసుపత్రిలో చనిపోయింది.

రిపోర్టులో నేనేం రాశానో ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "మూడు రౌండ్లు కాల్చితిని. జంతువునకు తగిలినవి. అయినను పడలేదు." తగిలాయని ఎందుకు రాశాను? ఆ సబ్ డివిజన్‌లో నేనొక్కదాన్నే ఆడ ఎస్సైని. చేతులు వణికాయని ఒప్పుకుంటే నా గురించి టీ కొట్టు దగ్గర ఏమంటారో నాకు తెలుసు. ఎలుగు మళ్లీ ఎవరికీ కనపడలేదు, కాబట్టి నా మాట కాదనేవాళ్లూ లేరు. తూటాల్లో బలం లేదన్న మాట వారంలోగా అందరి నోటా నానింది. పత్రికలవాళ్లు కూడా అడిగారు. మా పై అధికారి నన్ను పిలిచి, ఏ తూటాలు కావాలో నువ్వే ఎంచుకో, మంజూరు చేస్తాను అన్నాడు. కార్బైన్ తూటాలు కావాలని కాగితం రాసిచ్చాను.

కాగితం చూసి ఎర్రయ్య గారు దాన్ని బల్లమీద బోర్లించాడు. "ఎలుగుకి పిస్టలేటండి మేడమ్? దానికి పెద్ద తుపాకీ కావాలి. లేదా అటవీ వోళ్ల మత్తుసూది కావాలి" అన్నాడు. తర్వాత, ఒకసారి ఆ తోట చూస్తానన్నాడు. కాదంటే అనుమానిస్తాడని తీసుకెళ్లాను.

ఎక్కడ నిలబడి కాల్చానో అక్కడ నన్ను మళ్లీ నిలబెట్టాడు. తను ఎలుగు ఉన్నచోటికి నడిచాడు. అక్కణ్నుంచి ఇంకా ముందుకి వెళ్లి, జీడిచెట్టు మొదలు చుట్టూ చేత్తో తడుముతూ తిరిగాడు. జేబులోంచి చిన్న చాకు తీసి అవతలివైపు బెరడు గీకాడు. ఒక బుల్లెట్ బయటపడింది. జానెడు పైన ఇంకోటి. మూడోది వెనక గట్టులో, మన్ను తవ్వితే దొరికింది. మూడింటినీ అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఒక్కదాని మీదా నెత్తురు మరక లేదు, వెంట్రుక లేదు. 

"తూటాకి బలం సాల్లేదు అంటన్నారు కదా మేడమ్, ఇలా రండి" అని నన్ను చెట్టు వెనక్కి తీసుకెళ్లాడు. బుల్లెట్ దిగినచోటికి సరిగ్గా వెనకవైపు బెరడు నిమ్మకాయంత ఉబ్బి, పగిలి ఉంది. "ఇంకాసిని మందు ఉంటే ఇటేపు దాటిపోయేది. ఆ రోజు ఈ సెట్టెనకాల ఎవులైనా ఉన్నారా?"

నీలయ్య అక్కణ్నుంచే బయటికి వచ్చాడని అప్పుడు గుర్తొచ్చింది.  ఒక మనిషి ప్రాణం పోయింది, ఇంకో మనిషిని నా చేతుల్తో నేనే చంపబోయాను, పైగా ఇంకా బలమైన తూటాలు కావాలని కాగితం రాసి సంతకం పెట్టాను. 

"ఇప్పటికైనా పెద్దయ్యగారితో సెప్పీండి. కాగితం ఎనక్కి తీసుకోండి" అన్నాడు.

"రాసిచ్చేశాను ఎర్రయ్య గారూ. ఇప్పుడు ఎలా చెప్పను? మీరు కూడా ఎవరితో అనకండి, దండం పెడతాను."

ఆయన బుల్లెట్లు జేబులో వేసుకున్నాడు. వచ్చి జీపులో కూర్చున్నాడు.

వారం తర్వాత ఆ తూటాల్ని పరీక్షించే రోజు వచ్చింది. పొద్దున్న తొమ్మిది గంటలవేళ, మా ఫైరింగ్ మైదానం. ఎర్రయ్య గారు నా పిస్టల్‌నే ఇసుక బస్తాల మధ్య బిగించి, దూరం నుంచి తాడుతో లాగి ఐదు పేల్చాడు. ఏమీ కాలేదు. ఆయన మాత్రం ప్రతి గొట్టాన్నీ ఏరి, అడుగు వైపు చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు. ఐదోదాన్ని నాకు చూపించి, "గొట్టాలు వాసిపోతన్నాయి మేడమ్. ఇక్కడితో ఆపేద్దాం" అన్నాడు. పై అధికారి చేతి గడియారం చూసుకుంటున్నాడు. "బాగానే పేలుతున్నాయి కదా, ఇటివ్వండి, నేను కాలుస్తాను" అని చెయ్యి చాపాను నేను. ఆ మాట నేనే అన్నాను. అనమని ఎవరూ చెప్పలేదు.

ఎర్రయ్య గారు పిస్టల్ విప్పి తన చేతిలోనే ఉంచుకున్నాడు. "నాను పేల్సకుండా మీ సేతికి ఇవ్వను" అని గురి పట్టాడు. మొదటిది పేలింది. రెండోదానికి వచ్చిన శబ్దం వేరు. తుపాకీ శబ్దం కాదది, గ్యాసు బండ పగిలినట్టు ఉంది. పిస్టల్ పిడి చెక్కలు రెండువైపులా ఎగిరిపోయాయి. తూటాల అర ఊడి ఆయన కాళ్లమీద పడింది. ఆయన పడలేదు. నిలబడే, పిస్టల్ని నేలవైపు వంచి, జాగ్రత్తగా బస్తా మీద పెట్టాడు. అప్పుడు నావైపు తిరిగాడు. కుడికంట్లోంచి నెత్తురు చెంప మీదుగా చొక్కాలోకి కారుతోంది. "ఎవులూ ముట్టుకోకండి, లోపల ఇంకోటి ఉన్నాదేమో" అన్నాడు. ఆ తర్వాత మోకాళ్ల మీద కూలాడు. నేను అరిచానట. నాకు గుర్తులేదు. చాపిన నా చెయ్యి ఇంకా చాపే ఉందని మాత్రం గుర్తుంది.

కన్ను పోయింది. ఇత్తడి ముక్క లోపలిదాకా దిగిందని విశాఖలో డాక్టర్లు చెప్పారు. ముప్పై ఏళ్లుగా ఎడమకన్ను మూసి ఏ కంటితో గురి చూశాడో, ఆ కన్నే పోయింది.

విచారణ జరిగింది. సిగ్గు విడిచి నిజం రాస్తున్నాను: ఆయన నన్ను కాపాడతాడనుకున్నాను. తూటాలు పాతవి, పిస్టల్ పాతది అంటే అక్కడితో సరిపోతుంది. ఆయన మాత్రం కట్టు కట్టిన కంటితో వచ్చి కుర్చీలో కూర్చుని, విచారణ అధికారి ముందు మూడు బుల్లెట్లు బల్లమీద పెట్టాడు. జీడితోటలో ఏం చూశాడో వరసగా చెప్పాడు. చివర్న, "వారం ముందే నాకు తెలుసండి. మేడమ్ అడిగినారని ఊరుకున్నాను. తూటాలు వద్దని రాసి ఇవ్వాల్సిన పని నాది. రాయలేదు. అది నా తప్పు" అన్నాడు. నాకు చెంపమీద కొట్టినట్టయింది. కన్ను పోగొట్టుకున్న మనిషి మీద నాకు ఆ క్షణాన కోపం వచ్చింది. ఆ కోపాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నన్ను చూసి నేనే బెదురుతాను.

నన్ను స్టేషన్ నుంచి తీసేశారు, పదోన్నతి వెనక్కి పోయింది. ఆయనకీ శిక్ష పడింది. మూడేళ్లపాటు నేను ఆయన ఎదట పడలేదు. రిటైరయ్యాడని తెలిసి, ఒక ఆదివారం ఉదయం భావనపాడు వెళ్లాను. ఇంటి ముందు వల బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచాడు, సెల్యూట్ కొట్టబోయి ఆగి నవ్వాడు. "రామ్మా, కూకో" అన్నాడు. మేడమ్ అనకుండా అమ్మా అనడం అదే మొదలు. క్షమించమని అడగడానికి దారంతా మాటలు కూడబెట్టుకుని వెళ్లాను. నోటికొచ్చింది మాత్రం వేరు. "బుల్లెట్ల సంగతి ఎందుకు చెప్పారు?"

"సెప్పకపోతే తప్పంతా తూటాలదే అనుకుందురమ్మా. ఇంకా బలమైనవి తెమ్మందురు. అప్పుడింకొకల కన్ను పోయేది." వల మీదినుంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు. "నీమీద కోపం ఎప్పుడూ లేదు. బయమేసిందని సెప్పడానికి నీకు ఒక మనిషి దొరకలేదు. నాతో సెప్పేదానివే గాని నాను గట్టిగా పట్టుకుని అడగలేదు."

తిరిగొచ్చే దారిలో నీలయ్య ఊరి దగ్గర బస్సు దిగాను. ఆయన గుమ్మంలో కూర్చుని జీడిపిక్కలు ఎండబోస్తున్నాడు. నిలబడే చెప్పాను. మీ ఆవిడని చంపిన ఎలుగుకి నా తూటా ఒక్కటీ తగల్లేదు, రెండు మీవైపే వచ్చాయి అని. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయింది నేను.

"తెలుసమ్మా. సెట్టుకి ఆనుకునే ఉన్నాను కదా. మొద్దు అదిరితే నా ఈపుకి తెలిసింది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే నానెక్కడున్నానో కూడా సెప్పాల. పెళ్లాం ఎలుగు కింద పడుంటే నాను సెట్టెనకాల దాక్కున్నానని ఎలాగ సెప్పను?" పిక్కల మీదినుంచి తలెత్తలేదు. "నువ్వైతే ఎదురుగొచ్చి నిలబడ్డావు."

ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఆయన కోడలు బయటికొచ్చి చూసి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లి టీ పెట్టింది.

ఎర్రయ్య గారు రెండేళ్ల కిందట పోయారు. ఇప్పుడు నేను సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ని. నా కింద పనిచేసేవాళ్లు ఏదైనా ఘటన జరిగి వచ్చి నిలబడితే, ఏమైంది అని అడిగేముందు కూర్చోమంటాను. భయమేసిందా అని అడుగుతాను. చాలామంది లేదంటారు. వాళ్లు ఔననేదాకా నేను కలం తియ్యను.