గుంటా, మలుపొత్తంది

పాడేరు నుంచి గూడెం కొత్తవీధి వెళ్లే జీపులో నేనూ, పదకొండేళ్ల మా చెల్లీ ఎక్కాం. ఘాట్‌లో ప్రతి మలుపుకీ డ్రైవర్ హారన్ కొట్టాలి కదా, కొట్టినప్పుడల్లా చెల్లి అరిచి తన చెయ్యి తనే కొరుక్కునేది. ఆపబోతే నన్నూ కొరికింది.

"ఏటా పొగరు? మళ్లీ అరిత్తే ఇద్దర్నీ దింపేత్తాను," అన్నాడు డ్రైవర్. చుట్టూ అడవే. నాకు ఏడుపొచ్చేసింది.

ఎదురుగా అల్లం మూటతో కూర్చున్న పెద్దావిడ, "పొగరు కాదు బాబూ, బయం. మా మనవరాలికీ ఇంతే. ముందే సెప్తే తట్టుకుంటాదని డాక్టరమ్మ సెప్పింది," అంది. చెల్లిని ముట్టుకోకుండానే, "గుంటా, మలుపొత్తంది. సెవులు మూసుకుందుమా?" అని తన చెవులు మూసుకుంది. చెల్లి కూడా మూసుకుంది. హారన్ మోగింది. చెల్లి అరవలేదు.

ఆ తర్వాత మలుపు మలుపుకీ ఇద్దరికీ అదే పని.

"మరి నా సెవులెవరు మూత్తారు?" అన్నాడు డ్రైవర్. అందరం నవ్వాం.

ఆవిడ తన ఊరి దగ్గర దిగిపోయింది. పేరైనా అడగలేదు నేను. జీపు కదలగానే మళ్లీ మొదలవుతుందేమోనని భయమేసి చెల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

చెల్లి నా చెయ్యి విడిపించి, తీసుకెళ్లి నా చెవి మీదే పెట్టింది.

"అక్కా, మలుపు," అంది.