రూతు టీచరు చెప్పిన సాక్ష్యం

మధ్యాహ్నం మందుల షాపులో క్యారేజీ మూత తీయగానే చద్దన్నం పులుపు వాసన గుప్పుమంటుంది. బయట మా బోగోలు బజారు ఎండకు కునుకు తీస్తుంటుంది. సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి వస్తుంది. ఆ రెండూ కలిస్తే చాలు, నేను కౌంటరు వెనక నుంచి తొమ్మిదో తరగతి బెంచీ మీదికి జారిపోతాను. మా సైన్సు టీచరు రూతు గారు తెల్లచీరలో, చేతిలో చద్దన్నం ఉన్న మట్టిముంతతో నిలబడి ఉంటారు.

“వాసన చూడండి. దీంట్లో ప్రాణమున్నవి కోట్లు ఉండాయి,” అన్నారు ఆ రోజు. “మన కడుపులోనూ అంతే. మనం ఎప్పుడూ ఒంటరిగా అన్నం తినం.” ముక్కులు మూసుకుని నవ్వాం. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుంటే మాత్రం, లోపల ఎవరో భోజనాల బంతి వేసుకుని ఎదురుచూస్తున్నట్టే అనిపించింది. నేను ఫార్మసీ చదవడానికి కారణం ఆ ముంతే.

రిటైరయ్యాక టీచరుకు మూత్రపిండంలో క్యాన్సరు వచ్చింది. తెలిసేసరికే ఊపిరితిత్తులకు పాకింది. చెన్నైలో డాక్టర్లు ఇమ్యునోథెరపీ చేద్దామన్నారు. ఆవిడ నా షాపులో స్టూలు మీద కూర్చుని దాన్నీ పాఠంలాగే చెప్పారు. “ఈ మందు గడ్డను నేరుగా చంపదు, సుజాతా. మన ఒంట్లో రక్షక కణాలుండాయే, వాటికి క్యాన్సరు వేసిన కళ్లెం విప్పుతుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ కణాలకు కొంత చదువు చెప్తాయంట. నాలాంటి టీచర్లే!” ఆ నవ్వు చూసి, ఈవిడ బతుకుతుందని గట్టిగా నమ్మేశాను.

మా వైపు ఒకరి జ్వరానికి తెచ్చిన మాత్రలు మిగిలితే ఇంకొకరి జ్వరానికి దాస్తారు. టీచరు ఇంట్లోనూ బిస్కెట్ల డబ్బాలో, కుట్టు దారాల పక్కన, వాళ్ల తమ్ముడు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు ఉన్నాయి. మొదటి ఇంజెక్షను దగ్గర పడుతుండగా ఆవిడకు దగ్గు పట్టుకుంది. వాయిదా వేస్తారేమోనన్న బెంగతో వాటిని మింగేశారు.

“పాఠం చెప్పినదాన్ని, నేనే తప్పు చేసినాను మే సుజాతా,” అన్నారు షాపుకొచ్చి. డాక్టరు దగ్గరా దాచలేదు. ఆ మాత్రలకు పేగుల్లోని జీవులు దెబ్బతింటే మందు పట్టు తగ్గవచ్చు, అందరికీ అలా జరుగుతుందని చెప్పలేం, మొదలుపెడదాం అన్నాడాయన. కొన్నాళ్ల తర్వాత స్కానింగు చేస్తే ఊపిరితిత్తుల్లో గడ్డలు పెరిగాయి. మాత్రల వల్లా, రోగం మొండితనం వల్లా? ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నాలో ఇప్పటికీ కలుక్కుమంటుంది.

మా చర్చిలో స్వస్థత పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్తారు. ఒక ఆదివారం టీచరు బెంచీ పట్టుకుని లేచారు. తగ్గిందేమోనని అందరి ముఖాలూ వెలిగాయి.

“నాకు తగ్గలేదు,” అన్నారు. “ఆ మాత్రల వల్లేనని నేను చెప్పలేను, డాక్టరూ చెప్పలేడు. కానీ డబ్బాలో మిగిలిన మాత్రలు అడక్కుండా మింగబాకండి. మీ కడుపులో మీకు తెలీని స్నేహితులు ఉండారు.”

ఎవరూ హల్లెలూయ అనలేదు. చాప మీద నుంచి ఒక ముసలమ్మ మెల్లగా “ఆమెన్” అంది. నాకు ఏడుపు ఆగలేదు. వానలు మొదలవకముందే టీచరు వెళ్లిపోయారు.

నిన్న చేపలు పట్టే పెద్దాయన ఒకరు దగ్గుతూ వచ్చారు. ఆయన టీచరు క్లాసులో ఎన్నడూ కూర్చోలేదు. “అమ్మా, మొన్నటి గొట్టం మాత్రలే రెండు ఇయ్యి,” అన్నారు. అవి యాంటీబయాటిక్ క్యాప్సూళ్లు, డాక్టరు చీటీ అడగబోయాను. అంతలో ఆయనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“వద్దులే. టీచరమ్మ చర్చిలో అడక్కుండా మింగొద్దనింది గదా. చూపించుకొని వస్తా.”

ఆయన వెళ్లాక క్యారేజీ దగ్గరికి లాక్కున్నాను. షాపులో ఎవరూ లేరు. లోపల బంతిలో కూర్చున్నవాళ్లందరికీ అందేట్టు నిదానంగా తిన్నాను.