ఇరవై రోజుల సగటులో ఒక సున్న

1996లో వేలూరులోని ఒక కంప్యూటర్ సెంటరువారు షేర్లను ఏరి చూపే సాఫ్ట్‌వేరు తెచ్చారు. మనం ఒక షరతు పెడితే, దానికి సరిపోయే కంపెనీల జాబితాను ముద్రించి ఇస్తుంది. నా షరతు ఒక్కటే: నేటి ధర గడచిన ఇరవై మార్కెట్ రోజుల సగటు కంటే పైన ఉండాలి. సాఫ్ట్‌వేరులో పది రోజుల సగటు, యాభై రోజుల సగటు సిద్ధంగా ఉన్నాయి, ఇరవై లేదు. అమావాస్యకూ అమావాస్యకూ నడుమ మార్కెట్ తెరిచే రోజులు సుమారు ఇరవై గనుక, నా లెక్క మొదటినుంచీ అదే. ఆ సూత్రాన్ని నేనే రాసి, రోజూ పత్రిక చూసి నోటుపుస్తకంలో ఎక్కించుకున్న ధరలను టైపు చేశాను.

గుడియాత్తంలో నేత పని చేసే నా చెల్లెలు, రెండో మగ్గానికని కూడబెట్టిన సొమ్మును షేర్లలో పెడదామా అన్న ఆలోచనలో పడింది. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చింది.

"ఆ మిషను ఏమంటా ఉండాదన్నా?"

"జాబితాలో ఒక కంపెనీ వచ్చింది, కొనవచ్చంటోందమ్మా. సగటు తొంభై ఐదు, ధర తొంభై ఏడు" అని ఆ ఇరవై రోజుల ధరలూ అచ్చయిన కాగితం చేతికిచ్చాను.

ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. వేలు పెట్టి వరుసగా చూస్తూ ఒకచోట ఆగింది. "ఈ సున్న ఏంది? ఆ దినం కంపెనీని ఊరికే ఇచ్చేసినారా?"

నోటుపుస్తకం తెరిచాను. ఆ తేదీ అమావాస్య. ఆనాడు మావాళ్లు మగ్గం ముట్టరు, లెక్కల పుస్తకంలో కలం పెట్టరు. వేలూరుకు వచ్చినా నేను ఆ నియమం తప్పలేదు. రాయని రోజును రాసినట్టు చూపడం ఇష్టంలేక, మరునాడు తేదీ మాత్రం వేసి గడిని ఖాళీగా వదిలాను. కంప్యూటరు ఆ ఖాళీని సున్నగా కలిపి, మొత్తాన్ని ఇరవైతో భాగించింది.

"పడుగులో పోగు తెగితే ముడేస్తాం గాని, సందును పోగని ఎంచుతామా? ఇంత లెక్కల మనిషివి" అని నవ్వింది.

మరునాడు గ్రంథాలయంలో పాత పత్రిక వెతికి ఆ ధరను నింపాను. సగటు నూరుకు చేరింది. కొత్త జాబితాలో ఆ కంపెనీ లేదు. సాయంత్రం బస్సులో గుడియాత్తం వెళ్లి, తప్పు నాదేనని చెల్లెలితో చెప్పాను.

"సరి, అయితే మగ్గానికే చెప్పేస్తా. షేర్లు యాడికి పోతాయి, మళ్లా చూస్తాం. ఆ లెక్క నాకూ నేర్పు. నిన్నొక్కడినే నమ్మేదానికి లేదు."

ఆ వారంలోనే వడ్రంగి వచ్చి మగ్గానికి కొలతలు తీసుకున్నాడు. నేను మళ్లీ వెళ్లినప్పుడు ఆమె ఇరవై ధరలనూ ఒక కాగితం మీద దించుకుంది. "ఇరవై ఒకటోది చేరితే మొదటిది పోవాల గదా?" అని అడిగి, నేను బదులు చెప్పేలోగానే దాన్ని కొట్టేసి కూడటం మొదలుపెట్టింది.